గద్దె కింద గాట్లు

గురువారం ఉదయం ఎనిమిది గంటలకు రేణుక తన కల్లు కాంపౌండులో ఈతచెట్టు చుట్టూ ఉన్న గ్రానైటు గద్దెను గడ్డపారతో పగలగొట్టింది. ఆ గద్దె కట్టించింది ఆమే. కట్టించి ఏడాది కూడా కాలేదు.

మొదటి దెబ్బకు రాయి కదల్లేదు. రెండో దెబ్బకు అంచు లేచింది. గేటు దగ్గర బండి మీంచి లొట్లు, కల్లుకుండలు దించుతున్న ఆమె భర్త కొమురయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే గిది? దిమాక్ పనిచేస్తలేదా నీకు?"

"పార దే," అంది రేణుక.

కొమురయ్య ఆమె మొహం వంక చూశాడు. వెళ్ళి పార తెచ్చాడు.

మహబూబాబాద్‌ను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మానుకోట అంటారు. అక్కడ పాత కల్లు కాంపౌండ్లు రెండు. ఒకటి స్టేషన్ రోడ్డులో ఉంది, దాన్ని శ్యాం నడుపుతాడు. రెండోది మిర్చి మార్కెట్ వెనక సందులో ఉంది. అది రేణుక వాళ్ళది. దాని పేరు బండ్ల కాంపౌండు. ఇప్పుడక్కడికి ఎడ్లబండ్లు రావు, ఆటోలూ ట్రాలీలూ వస్తాయి. పేరు మాత్రం అదే ఉండిపోయింది.

బండ్లు వచ్చిన రోజుల్లో కాంపౌండు అంటే కల్లు తాగే చోటు ఒక్కటే కాదు. దంతాలపల్లి నుంచి మిర్చి వేసుకొచ్చిన రైతుకు సరుకు అమ్ముడుపోయేదాకా ఇల్లు అదే. ఎడ్లను అక్కడే కట్టేవాడు. మూడు రాళ్ళు పెట్టి అక్కడే వండుకునేవాడు. బండి కిందే పడుకునేవాడు. ఊరికి కబురు పంపాలంటే కాంపౌండులో చెప్పిపోతే చాలు, తర్వాత వెళ్ళే బండి మోసుకుపోయేది. ఎడ్ల బేరాలూ, పెళ్ళి సంబంధాలూ, అన్నదమ్ముల పంపకాలూ అక్కడే తెగేవి. తాగకుండా కూర్చున్నా ఎవరూ లేవమనేవారు కాదు. కాకపోతే ఒక్కో ఊరికి ఒక్కో మట్టిగద్దె ఉండేది. దంతాలపల్లి గద్దె మీద గూడూరు మనిషి కూర్చుంటే మాత్రం లేపేవారు.

మాఘమాసంలో ఎల్లమ్మ పండుగ. ఆ రోజు అమ్మవారికి అందరికన్నా ముందు చేరే కల్లుకుండను తొలికుండ అంటారు. అది మానుకోటలోకెల్లా పాత కాంపౌండు నుంచి వెళ్ళాలి. అందులో పోసే కల్లు ఊళ్ళ నుంచి తెచ్చింది కాకూడదు. కాంపౌండు లోపలి చెట్టుదే కావాలి. అందుకని రెండు కాంపౌండ్లలోనూ ఆవరణ నడుమ ఒక ఈతచెట్టు ఉంది. దిగేది ముంతెడు కల్లే అయినా దాన్ని ఏటా గీస్తారు.

తొలికుండ చాలా ఏళ్ళుగా స్టేషన్ కాంపౌండు నుంచే పోతోంది. అంతకుముందు అది తమదేనని రేణుక అత్త అంజమ్మ చెబుతుంది. ఆమె భర్త చెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడు ఇక్కడ చెట్టు గీసే మనిషి లేకపోయాడు. ఆ ఏటికి కుండ స్టేషన్ వాళ్ళు పంపారు. మరుసటి ఏడు కూడా వాళ్ళే పంపారు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. అంజమ్మ ఈ సంగతి ఎత్తినప్పుడల్లా వినేవాళ్ళు నవ్వేవారు. అంజమ్మ తిట్టేది. అక్కడికి అయిపోయేది.

ఈ ఏడు అక్కడికి అయిపోయే వీలు లేకపోయింది. గుడికి కొత్తగా ముఖద్వారం కడుతున్నారు. తొలికుండ పంపే కాంపౌండు పేరు దాని మీద రాతిలో చెక్కించాలని గీత కార్మికుల సంఘం తీర్మానించింది. స్టేషన్ కాంపౌండు పేరు రాతికెక్కితే అంజమ్మ జీవితమంతా అబద్ధం చెప్పినట్టు రాతికెక్కినట్టే. సంఘం మీటింగుకు అంజమ్మ కర్ర పట్టుకుని వెళ్ళింది. "నేను సచ్చినంక చెక్కుకోండ్రి, అంతదాంక ఆగుండ్రి," అంది. సంఘం ఆగలేదు కానీ, తగవు తీర్చడానికి జనగామ నుంచి సాయిలును పిలిపించింది. సాయిలు గీత పనిలో ముసలివాడైన మనిషి. రెండు ఇళ్ళతోనూ ఆయనకు చుట్టరికం లేదు.

సాయిలు మంగళవారం రైలు దిగాడు. ముందు ఇద్దరి మాటా విన్నాడు.

"మా ముత్తాత రైలు పట్టాలేసినోళ్ళకు కల్లు పోసిండు తాతా," అన్నాడు శ్యాం.

"పట్టాలెయ్యకముందే మాది ఉన్నది," అంది అంజమ్మ. "పట్టాలు యాడికెల్లి పోవాల్నో మా గద్దెల మీద కూసొనే మాట్లాడుకున్నరు."

"నువ్విన్నవా పెద్దమ్మా?" అన్నాడు శ్యాం.

"నేనింటె గిప్పుడు నీతోని మాట్లాడుకుంట కూసుందునా? మా అత్త చెప్పింది."

"మీ అత్తను తోల్కరా మరి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సాయిలు నవ్వలేదు. "మాటలు నాకొద్దు," అన్నాడు. "రెండు చెట్లున్నయి. గాట్లు లెక్కపెడ్త. ఎక్కువున్నదే పాతది."

ఈతచెట్టును ఒక ఏడు ఒక పక్క గీస్తే, మరుసటి ఏడు రెండో పక్క, కిందటి గాటుకు పైన గీస్తారు. గాటు మానుతుంది కానీ ఆ పల్లం పోదు. చెట్టు పెరిగినకొద్దీ గాట్లు ఇటొకటి అటొకటి మెట్లలా పైకి పోతాయి. ఏడాదికి ఒక్కటి. స్టేషన్ కాంపౌండు చెట్టుకు యాభై రెండు లెక్క తేలాయి. బండ్ల కాంపౌండు చెట్టుకు నలభై ఆరు.

నడుమ ఒక చోట రెండు గాట్ల మధ్య దూరం ఎక్కువగా ఉంది. "గదే మా ఆయిన పడ్డ ఏడు," అని అంజమ్మ కర్రతో చూపించింది. సాయిలు ఒప్పుకున్నాడు. అది కలిపినా నలభై ఏడే. అంజమ్మ మళ్ళీ లెక్కపెట్టమంది. పెట్టాడు. మూడోసారి పెట్టమంది. అదీ పెట్టాడు.

"గింతే ఉన్నది అంజమ్మా. ఇంకేదన్న ఉంటె శుక్రవారం పొద్దుమూకే లోపల చూపియ్యి. అటెన్క రాయి చెక్కెటాయినకు పేరు చెప్పాలె."

అంజమ్మ ఇంట్లోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. రేణుక అన్నం పెట్టి పిలిస్తే పలకలేదు. పదిహేడేళ్ళ కాపురంలో అత్త నోరు మూతపడటం రేణుక అదే చూడటం.

బుధవారం సాయంత్రం కాంపౌండులో గిరాకీ ఎప్పటిలాగే ఉంది. వెనక గోడ దగ్గర తండా మూల అనే చోటు ఒకటుంది. నాలుగు మెట్లు దిగి వెళ్ళాలి. గూడూరు దగ్గరి తండా నుంచి మిర్చి తెచ్చిన అమర్‌సింగ్ అక్కడ కూర్చున్నాడు. అదే తండా నుంచి మార్కెట్లో తొడిమలు తీసే కూలికి వచ్చే కమ్లీ, తమ ఊరి మనిషి వచ్చాడని, ఆయనకెదురుగా కూర్చుంది. రేణుక సీసాలు తీసుకుని దిగుతూ ఆఖరి మెట్టు మీద తూలింది.

"జర చూసి దిగు చెల్లే," అన్నాడు అమర్‌సింగ్. "మా జాగ గుంత."

"గంత పెద్ద కాంపౌండుల గీ గుంతలనే ఎందుకు కూసుంటరన్నా? పైన జాగ లేదా?"

"మేం గుంతలకు దిగలె చెల్లే. మేం ఉన్నకాడనే ఉన్నం. మీరే పైకి పోయిండ్రు."

"పైకి పోవుడేంది?"

"మీ అత్త చెప్పలేదా? వానలకు ముందు ఒక్కో ఊరి బండి ఒక్కో గంప మొరం తెచ్చి వాళ్ళ గద్దె మీద పోసేది. నీళ్ళు నిలవొద్దని. మొదలు నీళ్ళ కోసమే. అటెన్క పంతం బడ్డరు. దంతాలపల్లోళ్ళు ఒక గంప పోస్తె గూడూరోళ్ళు రెండు పోసిరి. కూసుంటె కాళ్ళు నేలకందకపోయేది. అయినా గంప తెచ్చుడు ఆపలె. గద్దె గద్దె కలిసి అంతా ఒక్కటే మిట్టయింది."

"మరి మీ తండా గద్దె?"

"మాకేడ గద్దె? మా నాయిన పూల్‌సింగ్ ఒక్కపారి మొరం తెచ్చిండు. పొయ్యనియ్యలె. లంబాడోళ్ళకు గద్దెలేంది అన్నరు. మా నాయిన ఆ మొరం మళ్ళ బండ్లేసుకొని తండాదాంక తీస్కపోయిండు."

"తీస్కపోయి ఏం చేసిండు?"

"మా ఇంటి ముంగట పోసి గద్దె కట్టిండు. సచ్చేదాంక దాని మీదనే కూసొని తాగిండు. మానుకోటోడు ఎవడన్న వస్తె కూసోనియ్యకపోయేది."

కమ్లీ నవ్వి సీసా అందుకుంది. రేణుక నవ్వలేదు. మెట్ల కింద నిలబడి ఆవరణ నడుమ ఉన్న ఈతచెట్టు వైపు చూసింది. చెట్టు మొదలు, దాని చుట్టూ తను కట్టించిన గద్దె అడుగు, ఆమె నడుముకు పైన ఉన్నాయి.

"అన్నా, నువ్వు చిన్నప్పుడు వచ్చినప్పుడు ఆ చెట్టున్నదా?"

"ఉండె. మనిషెత్తు గూడ లేకుండె."

"దాని మొదలు యాడ ఉండె?"

అమర్‌సింగ్ కాలెత్తి తను కూర్చున్న చోట నేల మీద కొట్టాడు.

"గీ సాపుకే," అన్నాడు.

రేణుక ఆ సంగతి రాత్రి ఎవరికీ చెప్పలేదు. అడ్డు వచ్చేది గ్రానైటు గద్దె ఒక్కటే. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు అంతకుముందు గేటు బయట నిలబడి కల్లు పోయించుకుని పోయేవారు. కమ్లీ ఓరోజు, "మేమేమన్న దొంగలమా అక్కా, నిలబడి తాగుతందుకు?" అని అడిగింది. రేణుక రెండు మిర్చి సీజన్లలో మిగిల్చుకున్నదంతా పెట్టి చెట్టు చుట్టూ గద్దె కట్టించింది. అది ఆడవాళ్ళకే. మగవాళ్ళు కూర్చుంటే లేపే పని కమ్లీ తనంతట తానే తీసుకుంది. తవ్వి చూస్తే కింద గాట్లు లేకపోతే గద్దే పోతుంది, మాటా పోతుంది. రేణుక తెల్లారేదాకా ఆలోచించింది. తెల్లారాక గడ్డపార తీసింది.

తొమ్మిదింటికి కమ్లీ తన జట్టుతో వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది.

"మా గద్దె పలగ్గొట్టినవా?"

"రాళ్ళు యాడికి పోతయే? మళ్ళ కట్టిస్త. తట్ట అందుకో."

"కూలెంత?"

"కల్లు."

"ఎన్ని సీసలు?"

"పనైనంక అడుగు."

కమ్లీ కొంగు నడుముకు చుట్టి తట్ట అందుకుంది. మిగతావాళ్ళు ఆమె వెనక వరుసలో నిలబడ్డారు. కొమురయ్య తవ్వుతున్నాడు, రేణుక మట్టి తీస్తోంది. మొదట ఎర్రమొరం వచ్చింది. దాని కింద గులకరాళ్ళ పొర, దాని కింద మళ్ళీ మొరం. అమర్‌సింగ్ ఒడ్డున కూర్చుని ఏది ఏ ఊరి మన్నో చెబుతున్నాడు. "గిది దంతాలపల్లోళ్ళది. గా గులకరాళ్ళు మా గూడూరోళ్ళవి. గట్టిగ తవ్వు కొమురన్నా, మావోళ్ళు గట్టిగనే పోసిండ్రు."

మోకాలి లోతు దాటాక కొమురయ్య పార పక్కన పెట్టి చేత్తో చెట్టువేళ్ళు తప్పించాడు. చెట్టు మానులో పల్లం ఉంది. వేలు పెట్టి అంచు తడిమాడు. భార్య వైపు చూశాడు.

"సాయిలు తాతను పిలువు," అంది రేణుక. "శ్యామన్నను గూడ."

ఇంట్లోకి పోయి అత్తనూ పిలిచింది. అంజమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు. "మళ్ళొకపాలి నన్ను నవ్వులపాలు చేసేతందుకా? పో," అంది.

శ్యాం ఐదారుగురిని వెంటేసుకుని వచ్చాడు. అప్పటికి గుంత నడుము లోతైంది.

"ఏంది వదినే, బంగారం దొరికిందా?"

"దిగు శ్యామన్నా. నువ్వే లెక్కపెట్టు."

"సాయిలు తాత ఉన్నడు గద."

"తాతకు మోకాళ్ళ నొప్పులు. నేను లెక్కపెడ్తె నువ్వు నమ్మవు. నువ్వు గీత పని చేసిన మనిషివి. నీ నోటితోనే చెప్పు."

శ్యాం సాయిలు వైపు చూశాడు. సాయిలు తల ఊపాడు. శ్యాం చెప్పులు విప్పి గుంతలోకి దిగాడు. మొదటి పల్లం చూసి, "గిది గాటు కాదు. కుళ్ళింది," అన్నాడు.

"చెయ్యి పెట్టు," అన్నాడు సాయిలు పైనుంచి. "లోపల ఎట్లున్నది?"

శ్యాం చెయ్యి పెట్టాడు. "సాపుగున్నది."

"కుళ్ళితె సాపుగ ఉంటదా?"

శ్యాం భుజం మీది తువ్వాలు తీసి ఆ పల్లంలోని మట్టి తుడిచాడు. మళ్ళీ చూశాడు.

"నలభై ఏడు," అన్నాడు.

పైన ఎవరో ఈల వేశారు. సాయిలు చెయ్యెత్తి ఆపాడు. రెండో పక్క ఇంకా తవ్వలేదని శ్యాం అన్నాడు. "జరుగు," అని కమ్లీ తనే పార పట్టుకుని దిగింది. రెండో పక్కా తవ్వారు. నలభై ఎనిమిది అక్కడ ఉంది. తర్వాతది ఇటు, ఆ తర్వాతది అటు. శ్యాం చెబుతున్నాడు, ఒడ్డున ఉన్నవాళ్ళు అతని వెనకే అంటున్నారు. మార్కెట్ నుంచి హమాలీలు వచ్చారు. సందులో ఆటోలు ఆగాయి. గుంత లోతు అవుతున్నకొద్దీ శ్యాం మోకాళ్ళ మీద కూర్చుని చూడాల్సి వచ్చింది.

"యాభై రెండు," అన్నాడు. అది అతని చెట్టు లెక్క. అక్కడ ఆగి నీళ్ళు అడిగాడు. రేణుక చెంబు అందించింది. తాగాడు.

"కిందికి ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాడు సాయిలు.

పైనున్నవాళ్ళకు గుంత అడుగు కనిపించదు. వేళ్ళూ మట్టీ అడ్డంగా ఉన్నాయి, శ్యాం వీపు అడ్డంగా ఉంది. అక్కడ ఏముందో చూడగలిగింది అతనొక్కడే. రేణుక ఖాళీ చెంబు పట్టుకుని నిలబడింది. శ్యాం వేళ్ళను పక్కకు లాగి చెయ్యి కిందికి పోనిచ్చాడు. మోచేయి దాకా పోయింది.

"ఉన్నది," అన్నాడు. "యాభై మూడు."

ఆ తర్వాత అంకెలు శ్యాం నోటి నుంచి వచ్చేలోపే జనం అనేశారు. యాభై నాలుగు. యాభై ఐదు. కమ్లీ జట్టు చప్పట్లు కొడుతూ తమ భాషలో పాట ఎత్తుకుంది. హమాలీలకు ఆ మాటలు తెలియవు, చప్పట్లు కలిపారు. యాభై ఆరు. యాభై ఏడు. అరుపులకు అంజమ్మ కర్ర పట్టుకుని ఇంట్లోంచి బయటికి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె గుంత ఒడ్డున నిలబడి లోపలికి వంగి చూసింది.

"ఎంతాయె?"

"యాభై ఎనిమిది పెద్దమ్మా," అన్నాడు శ్యాం. "కిందికి ఇగ లేవు."

"మా ఆయిన పడ్డ ఏడు కలిపినవా?"

"కలపలె."

"కలుపు. లెక్క పెట్టిందెవలు?"

"నేనే."

"మళ్ళ పెట్టు."

శ్యాం మళ్ళీ పెట్టాడు. యాభై ఎనిమిది, పడ్డ ఏడు కలిపితే యాభై తొమ్మిది. అంజమ్మ మూడోసారి పెట్టమంది. శ్యాం సాయిలు వైపు చూశాడు. "పెట్టు నాయినా," అన్నాడు సాయిలు. "నేను గూడ మూడుపార్లు పెట్టిన." మూడోసారి జనమంతా కలిసి లెక్కపెట్టారు. అంజమ్మ కర్రతో నేల మీద కొడుతూ వాళ్ళతో పాటు అంది.

శ్యాం పైకి రావడానికి చెయ్యి చాపాడు. రేణుక పట్టి లాగింది. "మా నాయిన గూడ పాతది మాదే అని చెప్పిండు వదినే," అన్నాడతను మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ. "ఆయిన గూడ అబద్ధం చెప్పే మనిషి కాదు."

"ఎవలన్నరు?" అంది అంజమ్మ. "మీ నాయిన ఈడనే తాగేటోడు. రేణుకా, వీనికి కల్లు పొయ్యి. పైస తీసుకోకు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె అందరినీ తిట్టింది. రెండుసార్లు అన్నం తింది.

శుక్రవారం సాయిలు పేరు చెప్పాడు. రాయి చెక్కే అతను పని మొదలుపెట్టాడు. చెట్టు వేళ్ళు ఎండకుండా కొమురయ్య గుంత సగం పూడ్చి, చుట్టూ ఇటుకలు పేర్చాడు. పగలని గ్రానైటు పలకలు ఎక్కడ వేయాలని రేణుక కమ్లీని అడిగింది. తండా మూలలో వేయమంది కమ్లీ.

"అయితె ముందుగాల మొరం పోసి ఆ మూల ఎత్తు చేపిస్త," అంది రేణుక. "మెట్లు దిగుడు తప్పుతది. అమరన్నా, ఈసారి గంప నువ్వే తే."

అమర్‌సింగ్ ఒప్పుకోలేదు. "వద్దు చెల్లే. దాన్ని ఎత్తు చేస్తివనుకో, రేపు ఇంకెవడన్న వచ్చి అడిగితె ఏం చూపిస్తవు?"

పలకలు నేల మట్టంలోనే వేశారు. నాలుగు మెట్లు అలాగే ఉన్నాయి.

ఆదివారం ఎల్లమ్మ పండుగ. తెల్లవారుజామున కొమురయ్య ఈతచెట్టు ఎక్కి కల్లు దించాడు. ముంతెడు వచ్చింది. దాన్ని కొత్తకుండలో పోసి, పసుపు పూసి, వేపమండలు కట్టారు. కుండ అంజమ్మ ఎత్తుకోవాలని రేణుక అంది. "నా మెడ నిలవదు. నువ్వెత్తుకో, నేను ముంగట నడుస్త," అంది అంజమ్మ. సందులోంచి గుడికి దగ్గరి దారి ఎడమ వైపు. అంజమ్మ కుడి వైపు తిరిగింది.

"అత్తా, దారి అటు కాదు," అంది రేణుక.

"నాకు తెల్వదా?" అంది అంజమ్మ.

డప్పులు ఆమె వెనకే కుడి వైపు తిరిగాయి. తండా ఆడవాళ్ళూ హమాలీలూ డప్పుల వెనక నడిచారు. ఊరేగింపు మిర్చి మార్కెట్ చుట్టి స్టేషన్ రోడ్డులోకి వచ్చి, స్టేషన్ కాంపౌండు ముందు ఆగింది. శ్యాం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అతని చేతిలో చెంబు ఉంది, అందులో పసుపు నీళ్ళు, వేపాకులు ఉన్నాయి. అతను ముందుకొచ్చి రేణుక కాళ్ళ ముందు ఆ నీళ్ళు అమ్మవారికి సాకగా పోశాడు.

తొలికుండ పదకొండింటికి గుడి చేరింది. ముఖద్వారం రాతి మీద చెక్కిన పేరు బండ్ల కాంపౌండు.